చింతపండు కొట్టే బొమ్మ

ధర్మపురి
బుధవారం సాయంత్రం

పాపారపట్టి సౌభాగ్యం అత్తకు నమస్కారం.

మా కాలేజీ బొమ్మల ప్రదర్శనలో నేను బొమ్మ వేయలేదు. నా బొమ్మ తగిలించాల్సిన గోడ కింద కూర్చొని, ఇంట్లో కూలికి చింతపండు కొట్టే అమ్మలాగే పొద్దుటినుంచి సుత్తితో కొట్టి గింజలు తీశాను. "బొమ్మ ఏదమ్మా?" అన్న సారుకు "నేనే సార్" అన్నాను. "ఏమే, రసం ఎప్పుడు పోస్తావు?" అని మగపిల్లలు నవ్వారు. మధ్యాహ్నానికి నడుము లేవలేదు. 'కూలబడటం' అనే మాట ఒంటితో నేర్చుకున్నాను.

అంతలో నాయన వచ్చాడు. "మీ అమ్మ మాదిరి కూచోని కథలు చెప్పుకునేది ఒక పనా? రేపూ ఈడ కూచుంటే నీ చదువు నిలిపేస్తాను" అని అరిచి పోయాడు.

రేపూ కూర్చుంటాను అత్తా. నాయన వినేది అక్కవైన నీ మాటే. అందుకే ఈ ఉత్తరం మీ ఊరి బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. పొద్దున్నే వచ్చి నాయనను కాలేజీకి తోడుకొని రా. చదువు సంగతి తరువాత. ముందు ఒక గంట నా పక్కన కూర్చొని సుత్తి పట్టుకోమను.

నీ మేనకోడలు