మైథిలి సగం కట్టిన ఈగ

బహదూర్‌పురాలో ఉంటున్న నేను, కీర్తిశేషులు వైకుంఠం గారి భార్య నీలమ్మ, వయసు అరవై మూడు, చదువు నాలుగో తరగతి, తెలివి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. అక్షరాలు వంకరపోతే అది చేతి తప్పు, తెలివిది కాదు. మనసు నెమ్మదిగా ఉందని మాత్రం రాయలేను. నా బిడ్డ మైథిలి పోయి పదకొండు నెలలు.

నా తర్వాత ఇవన్నీ జరిపించే బాధ్యత పక్కింటి సాజిదాది. చేపల గాలాలకు ఈగలు కట్టే పనిలో ఇరవై ఏళ్ళు నా పక్కన కూర్చుంది. నిజం ఈగలు కావు. చిన్న గాలం మీద దారం, ఈక, కుందేలు నూగు చుట్టి పురుగులా చేస్తాం. పత్తర్‌గట్టి సేటు వాటిని ఎక్కడెక్కడికో పంపుతాడు. వాటికి ఏ చేప పడుతుందో మేము ఒక్కరోజూ చూడలేదు.

1. రెండు గదుల ఇల్లు నా కొడుకు విశ్వేశ్వర్‌కు చెందాలి. నాయనా, చెల్లెలి పదకొండో రోజున "ఈ గబ్బు ఇంకెన్ని రోజులే అమ్మా" అని నూగు సంచి గల్లీలో పడేశావు. అది మైథిలి కడిగి, నీడన ఆరబెట్టి, గరుకు వెంట్రుకలు ఏరేసి దాచిన నూగు. సగం గాలికి పోయింది. ఏడవలేక చేశావని తెలుసు, అయినా మరిచిపోలేదు. ఇల్లు నీదే. చెల్లెలు నవ్వుతున్న ఫోటో కూడా నీదే. అడగడానికి నీకు నోరు రాదని నేనే రాస్తున్నాను.

2. నూగు దువ్వే ఇత్తడి దువ్వెన, ఇనుప పెట్టె, అందులోని డాంబర్ గోళీలతో సహా సాజిదాకు. వద్దంటుంది, వినకండి. ఐదేళ్ళ కింద తీసుకుపోయిన నా స్టీలు గంజు ఇంకా వాళ్ళింట్లోనే ఉంది. అది కూడా ఇచ్చినట్టే రాసుకోండి.

3. ఇది ఇచ్చేది కాదు, ఒప్పుకునేది. మైథిలిది ఎడమ చేతి వాటం. ఐదేళ్ళప్పుడు ఆ చేత్తో అన్నం తింటోందని అట్లకాడ కాల్చి మణికట్టు మీద వాత పెట్టాను. మచ్చ పోలేదు, చెయ్యీ మారలేదు. పెద్దయ్యాక ఆ చేత్తోనే ఈగలు కట్టింది. నేను సణిగితే "నువ్వు వాత పెట్టిన చెయ్యే నీకు బువ్వ పెడుతుందే" అని నవ్వేది. పని చేస్తున్నంతసేపూ ఆ మచ్చ నా కళ్ళ ముందే కదిలేది.

4. కిటికీ దగ్గరి బల్ల, గాలాన్ని కదలకుండా పట్టే శికంజా, అందులో బిగించి ఉన్న సగం ఈగ, డబ్బీలో మిగిలిన నూగు సాజిదా కూతురు హిబాకు.

ఎందుకో రాయాలి. ఆ ఈగ కడుతుండగానే మైథిలికి జ్వరం వచ్చింది. "అమ్మా, ముట్టకు, మళ్ళొచ్చి చేస్త" అని లేచింది. ఆరో రోజున పోయింది. నలభై రోజులు ముట్టలేదు. తర్వాత ఆగలేకపోయాను. దీపం వత్తి పేనినట్టే మైనం రాసిన దారం మీద నూగు పేనాలి. చిటికెడు తీస్తే అందులో సగం పక్కన పెట్టాలి, ఎక్కువైతే ఈగ కాదు, ఎలుక అవుతుంది. ఇంత తెలిసిన నేను, దారం పట్టి కుడిచేత్తో రెండు తిప్పులు తిప్పాను. బిడ్డ పేనింది ఎడమకు, నేను తిప్పింది కుడికి. అది పేనిన నూగంతా విప్పుకుని నా వేళ్ళకు వచ్చేసింది. మిగిలింది ఊడకుండా మైనం అద్ది వదిలేశాను.

తర్వాతి వారం హిబా వచ్చి "పెద్దమ్మా, నాదీ ఎడమ చెయ్యే, నాకు నేర్పవా" అంది. "ఎడమ చెయ్యితోని నా బల్ల ముట్టకు, పో" అని అరిచాను. ఎడమ చెయ్యి పనికిరాదని కాదు. ఆ చెయ్యి మళ్ళీ అక్కడ కదిలితే చూడలేననే. ఆ పిల్ల మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఆ ఈగ హిబా పూర్తి చేయాలి. మైథిలి తిప్పిన వైపే తిప్పాలి. ఆ చెయ్యి మార్చమని ఎవరూ అనకూడదు. పూర్తయ్యాక దాచిపెట్టవద్దు, మిగతా ఈగలతో కలిపి పంపేయండి. నీళ్ళ కోసం చేసింది నీళ్ళలో పడాలి.

5. ఒకటి, రెండు అంశాలు నేను పోయాక జరగాలి. నాలుగోది అప్పటిదాకా ఆగనక్కరలేదు, రేపటి నుంచే. సాజిదా, పిల్లను తోలియ్యి. బల్ల తుడిచి ఉంచుతాను. ముట్టకు అన్న బిడ్డ మాట ఒకసారి తప్పాను. ఈసారి పక్కన కూర్చుని చూస్తాను, చెయ్యి పెట్టను.

తేదీ: 14 జూలై 2024, ఆదివారం
సంతకం: నీలమ్మ

సాక్షులు:
డానియేలు, దర్జీ, బహదూర్‌పురా
అంజన్, జిరాక్స్ దుకాణం, బహదూర్‌పురా