ఒంటి వేడిలో కొలత

చెల్లాయికి అక్క ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ మేమంతా బాగానే తిరుగుతున్నాం. నువ్వెలా ఉన్నావని అడగడానికే ఈసారి చెయ్యి ఆడటం లేదు.

నా మోకాలి గురించి అడిగావు. మెట్లు ఎక్కనివ్వడం లేదు, కూర్చుంటే ఊరుకుంటుంది. మీ బావ వంట నేర్చుకుంటున్నారా అన్నావు. ఆయన వండటం నేర్చుకుంటున్నారు, మేం తినడం నేర్చుకుంటున్నాం. నీ గుండె దగ్గర పెట్టిన పేస్‌మేకర్ యంత్రాన్ని 'అద్దె కట్టనివాడు' అని రాశావు. ఆ మాటకు నవ్వలేకపోయాను.

నా పని నీకు తెలిసిందే. చిప్పుల లోపలి మెమరీలు ఎంత కరెంటు తాగుతాయో కొలిచి, ఏది పొదుపో పోల్చి చెప్పడం. నీ యంత్రంలోని మెమరీ మా పోలికలో నెగ్గినదే. నువ్వు నిద్రపోయినా అది నీ గుండె లయను గుర్తుపెట్టుకుంటూ మేలుకునే ఉంటుంది, బ్యాటరీని బొట్టుబొట్టుగా తాగుతూ. దాన్ని మా ఆఫీసులోనే వేరే బృందం కొలిచింది, శాలువా లేనిదే కూర్చోలేని మా చల్లటి గదిలో.

పోయిన నెల ఏసీ చెడిపోయింది. గది వేడెక్కేకొద్దీ కరెంటు అంకెలు పైకి పాకాయి. ఆ కొలతలు పనికిరావు, పారేయమన్నారు అందరూ. నాకు మనసొప్పలేదు. మనిషి ఒళ్లు ఏసీ గది కాదు కదా. నీ యంత్రంలో ఉన్నలాంటి చిప్పునే వేడిపెట్టెలో ఒంటి వేడికి ఉంచి మళ్లీ కొలిచాను. కరెంటు రెట్టింపు దాటింది.

మేనేజరుకు చూపించాను. "అన్నిటినీ ఒకే చలిలో కొలిచాం మేడమ్, ఏది పొదుపో చెప్పిన మన వరస మారదు కదా" అన్నాడు.

"వరస మారదు. బ్యాటరీ ముందే అయిపోతుంది" అన్నాను.

బ్యాటరీ అడుగంటిందని హెచ్చరించే లెక్క కూడా ఆ చలి కొలత మీదే కట్టారు. అంటే అది చెప్పకుండానే ఆగిపోతుంది. అది ఆగితే నీకేమవుతుందో నేను రాయక్కర్లేదు.

డాక్టర్లతో సమావేశం పెట్టారు. అందరివీ తీసి కొత్తవి పెట్టాలన్నారు. రెండో ఆపరేషన్ తట్టుకోలేనివాళ్లను వదిలేద్దామా అన్న మాట వచ్చింది. పోయినసారి నువ్వు మాకు దక్కడమే గగనమైంది. మళ్లీ కోస్తే కష్టమని డాక్టరు అప్పుడే నాతో అన్నాడు. కొలిచింది నేను కాబట్టి నన్నడిగారు. ఒక్కరినీ వదలొద్దన్నాను.

మేనేజరు మెల్లగా అడిగాడు. "మీ చెల్లెలిది కూడానా?"

"దానిదే ముందు."

నిన్ను అడగకుండా అన్నాను. ఇది చెప్పలేకే ఇంతసేపూ మోకాలూ వంటా రాశాను.

ఆసుపత్రి నుంచి పిలుపొస్తుంది. వెళ్లనని అనకు. కొత్తదాన్ని ఒంటి వేడిలో నేనే కొలిచాను, దాని గురించి బెంగ లేదు. నువ్వు ఆ బల్ల మీద నుంచి లేవాలి. రోజూ తెల్లవారుతూనే దేవుణ్ణి అదొక్కటే అడుగుతున్నాను. ఇంకా ఏ జవాబూ రాలేదు.

ఆదివారం బయల్దేరుతున్నాను. కోపమొచ్చి తలుపు తియ్యకపోతే నీ గుమ్మంలోనే కూర్చుంటాను.

ఇట్లు,
నీ మాట తీసుకోకుండా నీ తరఫున ఒప్పుకున్న
పెద్దక్క