లాంచీలో కర్పూరం వెలిగించబోయిన పూట

ఆదివారం, రాత్రి

అందరూ పడుకున్నాక రాస్తున్నాను.

మా బాపు కొన్న పాత లాంచీకి ఈరోజు సాగర్ జలాశయం ఒడ్డున పూజ. లారీ బాడీలు కట్టిన అనుభవంతో బాపు, చిన్నాయన కలిసి దాన్ని తామే బాగుచేశారు. క్యాబిన్‌కు కొత్త కిటికీలు, లైట్లు పెట్టారు. టూరిస్టులకు చాయ్ ఇవ్వాలని లోపలే గ్యాస్ పొయ్యి బిగించారు.

"లారీకైతే టైరు కింద నిమ్మకాయ పెడతం. దీనికేడ పెట్టాలె అన్నా?" అన్నాడు చిన్నాయన.

"ఇంజన్ ముందల పెట్టు. నీ నెత్తి మీద పెడితే నిలుస్తదా?" అని బాపు నవ్వాడు.

ఇంజన్ ముందూ నిలవలేదు. దొర్లి బల్ల కిందికి పోయింది. తీద్దామని నేను వంగితే నేలచెక్కల సందుల్లోంచి గ్యాస్ వాసన గుప్పుమంది. నిలబడ్డవాళ్లకు తెలియదు. గ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుందని చదివాను. తలెత్తేసరికి బాపు కర్పూరం పళ్లెం ముందు పెట్టుకొని అగ్గిపుల్ల గీయబోతున్నాడు.

నోరు పెగల్లేదు. అగ్గిపెట్టె లాక్కొని కిటికీలోంచి నీళ్లలోకి విసిరేశాను.

"పూజకాడ గిదేం పని బిడ్డా?" బాపు చెయ్యెత్తాడు. నేను నేల చూపించాను. వంగి వాసన చూశాడు. మరుక్షణం అందరినీ ఒడ్డుకు దింపేసి, సిలిండర్ వాల్వు మూసి వచ్చి ఇసుకలో కూలబడ్డాడు.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, "ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదనే?"

చెప్పాలనే చూశాను. మాట రాలేదు. నేను ఇంకో రెండడుగుల దూరంలో ఉండి, చేయి అందకపోయి ఉంటే...