ముక్కు మేస్త్రికి నారింజ పొట్లం

ఆదివారం, మధ్యాహ్నం

మావయ్యకు నమస్కారం. ఇక్కడ అమ్మా నేనూ కులాసా. అక్కడ నువ్వూ అత్తా కులాసా అనుకుంటాను. మర్యాదలు అయిపోయాయి. ఇక తిట్లు.

తోళ్ల కొట్లో నిన్ను మేస్త్రి గారూ, మీరూ అంటాను. ఇది ఇంట్లో కూర్చుని రాస్తున్నాను కాబట్టి నువ్వే. పక్కవీధిలో ఉన్నవాడికి ఉత్తరమేంటి అనకు. ఎదురుగా వస్తే నీ మొహం చూసి నా కోపం చల్లారిపోతుంది. అది నాకిష్టం లేదు.

నిన్న ఏం చేశావు? నేను ఉప్పులో నారింజ తొక్కల పొడి కలిపి రాసి, విడిగా పేర్చుకున్న పచ్చితోళ్ల గుట్ట దగ్గరికి ఓనర్ని వెంటబెట్టుకొచ్చావు. పై తోలు మడత విప్పావు. మెడ వైపు ముక్కు ఆనించావు. కుళ్ళు వాసన, మొత్తం పోయింది, గోతిలో పూడ్చేయండి అన్నావు. నీ మాటకి తిరుగేముంది? లారీలోంచి సరుకు దిగకముందే ఏ తోలు చెడిందో చెప్తావని కదా అందరూ నిన్ను ముక్కు మేస్త్రి అనేది! ఓనరు నన్ను ఎగాదిగా చూసి, ఇకనుంచి ఉప్పులో మళ్ళీ ఆ తెల్లపొడి మందే కలపండి, ఈ పిల్ల ప్రయోగాలు వంటింట్లో చేసుకోమనండి అన్నాడు. నువ్వు తలూపావు. నా వంక చూడకుండా తలూపావు.

తెల్లపొడి సంగతి నేను నీకు చెప్పాలా? రోజూ దాన్ని ఉప్పులో కలిపే అమ్మ వేళ్ళు చూడు. నీ చెల్లెలి వేళ్ళే అవి. పగుళ్ళకి గుండీ కూడా పెట్టుకోలేదు, నేనే పెడతాను. ఆ పొడి లేచి కొట్టంతా మంచులా కమ్ముకుంటే నువ్వు దాని మధ్యలోనే తిరుగుతావు, గుడ్డ కట్టుకోమంటే గుడ్డ కడితే వాసనెలా తెలుస్తుందే అంటావు.

ఒట్టి ఉప్పు చాలదు, ఉప్పులో కూడా హాయిగా కాపురం చేసే సూక్ష్మజీవులు ఉంటాయి అని నాకు చెప్పింది నువ్వే. నిజమే. అందుకేగా ఇంకో దారి వెతికాను. బడి మానేసినదాన్ని. పాత పేపర్ల కొట్లో దొరికిన తోళ్ల పత్రికలు అర్థమయ్యేదాకా చదివాను. కొన్ని ఆకుల్లో, తొక్కల్లో ఉండే నూనెలు ఆ సూక్ష్మజీవుల్ని పెరగనివ్వవని రాశారు. ముందు వెల్లుల్లి రాసి చూశాను, నా పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు. తర్వాత జ్యూసు బండి దగ్గర పారేసే తొక్కలు ఏరుకొచ్చి, ఎండబెట్టి దంచాను. మొదటిసారి పొడి తక్కువైంది, తోలు కుళ్ళింది. నేనే మోసుకెళ్ళి పూడ్చాను. ఈసారి కుళ్ళలేదు మావయ్యా. వెంట్రుక పట్టి లాగితే ఒక్కటి ఊడలేదు. కుళ్ళిన తోలు మీద వెంట్రుక నిలుస్తుందా?

గుట్ట విప్పగానే కాటా వేసే బాబాయి ఇది తోళ్ల కొట్టా, జ్యూసు కొట్టా అన్నాడు. ఉప్పు రాసే పెద్దమ్మ అయితే, ఇన్నేళ్ళకి మా ఆయన నా పక్కన కూర్చుని దూరం జరగలేదే అని మురిసిపోయింది. అందరికీ నారింజ వాసన. నీ ఒక్కడికే కుళ్ళు! తోళ్ల మీద ఉన్న పసుపు మరకలు తొక్కల రంగు, కడిగితే పోతాయి. వాటిని చూసి కుళ్ళు మచ్చలనుకున్నావేమో అని సరిపెట్టుకుందామన్నా, నువ్వు చూసి చెప్పేవాడివి కాదుగా, వాసన పట్టి చెప్పేవాడివి. ఆ ముక్కేమైనా ఓనరు దగ్గర తాకట్టు పెట్టావా?

రేపు పొద్దున్నే గొయ్యి తవ్వుతారు. ఆలోపు వచ్చి నీ మాట వెనక్కి తీసుకో. ఈ కవర్లోనే తొక్కపొడి పొట్లం పెడుతున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని, అప్పుడు చెప్పు కుళ్ళని.

ఇట్లు,
నీ దగ్గర పని నేర్చుకుని నీ చేతిలోనే దెబ్బతిన్న
మేనకోడలు

తా.క. ఉత్తరం మడుస్తుంటే అత్త వచ్చింది, మాడిపోయిన గిన్నె పట్టుకుని, తోమడానికి పీచుందా అంటూ. పొయ్యి మీద పాలున్నాయి చూస్తుండమని నీకు చెప్పి పక్కింటికి వెళ్ళిందట. మాడు వాసన వీధి మొగదాకా వచ్చినా నువ్వు ఆ గదిలోనే పొయ్యికి వీపు పెట్టి రేడియో విప్పుకుంటూ కూర్చున్నావట. ఇల్లు పట్టని మనిషి అని తిట్టిపోసింది. అమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎప్పట్నుంచి మావయ్యా? నిన్న నువ్వు చూసింది మరకలు. చెప్పింది వాసన. ముక్కు లేని ముక్కు మేస్త్రిని ఎవరుంచుకుంటారని భయపడి ఉంటావు. నీ ముక్కుని తినేసింది ఆ తెల్లపొడే అయ్యుంటుంది. నువ్వు దానికే తలూపావు. ఆ కోపం మాత్రం పోలేదు, అందుకే ఉత్తరం చింపలేదు. తాకట్టు మాట కొట్టేశాను. గీత కిందనుంచి కనబడితే చదవకు.

ఎవరికీ చెప్పను. అమ్మకి కూడా. రేపు గొయ్యి దగ్గర ఓనరుతో ఇంకోసారి చూస్తానను. వెంట్రుక పట్టి లాగు. నీ వేళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ఇకనుంచి ఏ సరుకు వచ్చినా నేను నీ పక్కనే నిలబడతాను. చెడిన తోలైతే మెడలో గుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంటాను. నన్ను చూసి చెప్పు.

పొట్లం కోసం కవర్లో వెతక్కు. తీసేశాను.