కరెంటు అక్కర్లేని కసరత్తు

బరంపురం

అమ్మకు నీలమ్మ దండాలు. నేను పనిచేసే హోటల్ జిమ్ములో నాకు దెబ్బ తగిలిందని మన ఊరి లక్ష్ముడు నీతో చెప్పాడట. తగిలింది నాకు కాదు, బెంగ పెట్టుకోకు.

విశాఖ నుంచి పనిమీద వచ్చి మా హోటల్లో దిగిన డాక్టరమ్మ పొద్దున్నే మిషన్ మీద పరుగెడుతుంటే కరెంటు పోయింది. మిషన్ టక్కున ఆగి, ఆమె ముందుకు తూలింది. నేను పట్టుకోబట్టి మోకాలు గీసుకోవడంతో సరిపోయింది. యజమాని నరసన్నగారు హడలిపోయి, "ఈ గొడవ మనకొద్దే. గది మూసీసి తాళం నాకిచ్చీ" అన్నారు. గది పోతే నా కొలువూ పోతుంది. అందుకే గట్టిగా చెప్పాను. "మూయొద్దు బాబూ. కరెంటు అక్కర్లేని సామాన్లు పెడదాం. డంబెల్సు, చాపలు, తొక్కుడు సైకిలు. ఊరికొచ్చినోలు కసరత్తు మానరు, మన హోటలే మానేస్తారు."

ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే డాక్టరమ్మ మోకాలికి పట్టీతో వచ్చి, "రేపు ఎన్నింటికి తెరుస్తారమ్మా?" అని అడిగింది. నరసన్నగారు ఇక తాళం అడగలేదు.

అయ్య పాత పడవ లంగరు తాడు పెరట్లో ఊరికే పడి ఉంది కదా, అది లక్ష్ముడి చేత పంపించు. మధ్యలో గుంజకు చుట్టి, రెండు కొసలూ రెండు చేతులా పట్టుకుని ఎగరేస్తే భుజాలకు మంచి కసరత్తు. తమ్ముడి దగ్గు తగ్గిందా? చెల్లిని బడి మాననీయకు. అక్క గురువమ్మప్పకు దండాలు, ఆమె పిల్లలకు ముద్దులు.

అయ్య తాడు ఇవ్వనంటే ఆదివారం నేనే వచ్చి భుజాన వేసుకుని పోతాను.

నీ కూతురు
నీలమ్మ