రెబెక్కమ్మ నిలబడిన ఫొటో

మైపాడు,
మే 2003

మేనల్లుడు హబీబుకు మామూ హనీఫా దువా.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ నిన్న క్రీస్తురాజు నా స్టూడియో గడప మీద కూర్చుని లేవలేదు. మంచం పట్టిన వాళ్లమ్మ రెబెక్కమ్మ, మనవరాలు ఫ్లోరా పెళ్లికని చర్చి బయట ఒక్క నిమిషం లేచి నిలబడింది కదా. మళ్లీ మంచమెక్కింది. "నేను నిలబడిన ఫొటో యాడరా?" అని రోజూ అడుగుతా ఉందంట. నువ్వేమో ఫొటో బదులు తెల్ల కాగితం పంపావట. ఆ కొత్త డిజిటల్ కెమెరాతో ఏం చేశావురా?

ఇట్లు, మామూ.

తా.క.: కాగితం మాత్రం నాణ్యంగా ఉందన్నాడు.

*

నెల్లూరు

మామూకి సలాం.

మిట్టమధ్యాహ్నం, చుట్టూ ఇసుక. ఆ ఎండలో కెమెరా వెనక తెర మీద బొమ్మ నల్లగా కనిపించింది. వెలుతురు చాల్లేదనుకుని పెంచాను. చూశాను, మళ్లీ పెంచాను. షాపుకొచ్చి కంప్యూటర్లో చూస్తే పెళ్లి చీర, ముసుగు, అవ్వ జుట్టు, ఇసుక అంతా ఒకటే తెలుపు. ఇక అందులోంచి ఏమీ రాదు. నేను తీసిన వెంటనే చర్చి మెట్ల మీద నుంచి నువ్వూ ఒకటి తీశావుగా. ఆ ఫిల్ము రోలు బస్సులో పంపు.

నీ హబీబు.

తా.క.: చర్చి లోపల తీసిన ఫొటోల్లో పాస్టరు గారు చక్కగా పడ్డారు. ఆయన్ని ఎవరూ అడగడం లేదు.

*

మైపాడు

ఒరే హబీబూ, దువా.

ఎండలో చూడాల్సింది బొమ్మను కాదు, అరచేతిని. దాని మీద పడే వెలుతురే కొలత. బిట్రగుంటలో ఒక రైలు గార్డు పెళ్లికి, నాకు ఫొటోలు నేర్పిన ఉస్తాదు ఇలాగే అరచేయి చూసుకుంటుంటే, జాతకం చెబుతాడనుకుని ఆడవాళ్లు వరసకట్టారు. అది వేరే కథ. ఫిల్ము కాస్త వెలుతురు ఎక్కువ తిన్నా అరిగించుకుంటుంది. నీ డిజిటల్‌ది పసిబిడ్డ కడుపు, కక్కేస్తుంది.

రోలు పంపలేను. ఇంకా సగం మిగిలుంది. సగం రోలు కడిగిస్తే బరకత్ ఉండదు, కలిసిరాదు.

మామూ.

తా.క.: ఇవాళ పక్కింటి ఓబయ్య మేకను తీశాను.

*

నెల్లూరు

మామూ,

క్రీస్తురాజన్న షాపుకొచ్చాడు. తిట్టలేదు. "అమ్మ నిన్నటి నుంచి గంజి ముట్టలేదబ్బయ్యా" అని చెప్పి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. అక్కడ నువ్వు మేకల్ని తీస్తున్నావు. డిజిటల్ కొన్నానని నా మీద కక్షా? అసలు ఆ కెమెరాలో రోలుందా? రేపే వచ్చి మూత తెరిచి చూస్తాను.

హబీబు.

తా.క.: మేకకు కాపీలెన్ని?

*

మైపాడు

తెలివిగల మేనల్లుడికి,

మూత తెరిస్తే ఫిల్ముకు వెలుతురు తగిలి నా దగ్గరా తెల్ల కాగితమే మిగిలేది. అందుకే మిగతా రోలంతా సముద్రం మీద ఖర్చుపెట్టి, నేనే నెల్లూరొచ్చి కడిగించాను. ఆ ఫొటో నీకు చూపిస్తే ఇవ్వనివ్వవని నీ షాపుకు రాలేదు, ఎందుకో విను.

ఫొటోలో రెబెక్కమ్మ నిటారుగా ఉంది. ఫ్లోరా ముసుగు అంచున కుట్టిన పూలు కూడా తెలుస్తున్నాయి. ఇద్దరి మధ్యలో నువ్వున్నావు. నువ్వు తీయగానే అవ్వకు గొడుగు పట్టారు చూడు, ఆ నీడలోకి దూరి, తల వంచి, తీసిన బొమ్మ చూసుకుంటున్నావు. ఆమె కూర్చోబోతోందని నేను ఆగకుండా నొక్కేశాను. నల్ల చొక్కా మీద నీ నల్ల కెమెరా కనిపించడం లేదు. రెండు చేతులూ దగ్గరగా ఉన్నాయి, అంతే.

భయపడుతూనే తీసుకెళ్లి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"ఎవురయ్యా ఈ పిల్లోడు?"

"నా మేనల్లుడమ్మా."

"అంతమందిలో నా కోసరం తల వంచి ప్రార్థన చేసినోడు ఈడొక్కడే."

నేనేమీ అనలేదు. నువ్వూ అనకు.

మామూ.

తా.క.: మేక ఫొటో ఓబయ్య తీసుకున్నాడు. రెబెక్కమ్మ గంజి తాగింది.