కార్డులో అక్క పేరు

ఏప్రిల్ 2, బుధవారం

ఇప్పుడు రాయకపోతే ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో కలిసిపోతుంది. అందుకని రాస్తున్నాను. అక్క ఇల్లు వదిలి వెళ్లింది. నాకు ఏడుపు రావడం లేదు. కోపం కూడా రావడం లేదు. మా ఇంట్లో చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేను రాయకపోతే ఈ సంగతి ఎక్కడా ఉండదు.

పోయిన వారం నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. లాండ్రీలో, ఆఫీసు వైపు. అదే లాండ్రీలో అక్క పదిహేనో ఏట నుంచి రోలర్ ఇస్త్రీ మీద పని చేస్తోంది. ఆస్పత్రుల నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు. నా ఫీజులు, బస్ పాసులు, కాలేజీ చెప్పులు, అన్నీ ఆ వేడి రోలర్ కింద నుంచి వచ్చినవే. ఆ సాయంత్రం ఆర్డర్ కాగితం తెచ్చి చూపించాను. అక్క దాన్ని తిరగేసి, మరగేసి, కింద స్టాంపు ఉందా అని మాత్రం అడిగింది. ఉందన్నాను. సరే, ఇక మీకేం ఫరవాలేదు అంది.

మర్నాడు పొద్దున పనికి వెళ్లినట్టే వెళ్లింది. పనికి వెళ్లలేదు. లాండ్రీ మేస్త్రీ గారికి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పిందట. ఎక్కడికమ్మా అని ఆయన అడిగేలోపే పెట్టేసిందట. అప్పటి నుంచి ఫోన్ ఆఫ్.

మంచం కింద పెద్ద సంచి లేదు.

ఏప్రిల్ 3

చదువుకున్నదానివి కదా, పక్క మంచం మీద మనిషి వెళ్లిపోతుంటే కనిపెట్టలేకపోయావా అని అమ్మ అడిగింది. అది సిలబస్‌లో లేదమ్మా అన్నాను. జోకే. అమ్మ నవ్వలేదు. నేను కూడా నవ్వలేదు.

ఏప్రిల్ 5, శనివారం

దుప్పట్లు ఉతికాను. దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. అక్కా నేనూ చెరో రెండు కొసలు పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి ఎదురెదురుగా నడిచేవాళ్లం. ఈ రోజు మధ్యభాగాన్ని గడ్డం కింద అదిమిపెట్టి ఒక్కదాన్నే మడిచాను. వంకరగా వచ్చింది. అలాగే బీరువాలో పెట్టేశాను.

గురువారం సీజన్ మొదటి ఆట. లాండ్రీకి సాఫ్ట్‌బాల్ టీమ్ ఉంది. ఊళ్లో ఇలాంటి టీములు చాలానే ఉన్నాయి. డ్యూటీ దిగిన జనం, ఆడా మగా కలిసి, మునిసిపల్ గ్రౌండ్‌లో లైట్ల కింద ఆడుకోవడం. కప్పు వస్తే సంతోషం, రాకపోతే టీ తాగి ఇంటికి. మా టీషర్టుల మీద కూడా ఇస్త్రీ గీత చెరగదు కనక అందరూ మమ్మల్ని మడతలు అంటారు. మడతలొచ్చారు, నలపండ్రా అని బస్ డిపో వాళ్లు బెంచీ మీద నుంచి కేకలేస్తారు.

అక్క మా క్యాచర్, బ్యాట్ పట్టినవాళ్ల వెనక కూర్చుని బంతి పట్టే మనిషి. బ్యాటింగ్ వరసలో నాలుగో స్థానం తనది. నన్ను మూడో స్థానంలో పెట్టింది కూడా తనే. నాకు బ్యాట్ ఊపడం రాదు. నువ్వు ఊరికే నిలబడు, నాలుగు చెత్త బంతులు పడితే ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ పోతావు, అక్కణ్నుంచి మిగతా బేసులన్నీ తిప్పి నిన్ను రన్నుగా తేవడం నా పని అనేది. కాలేజీలో చేరినప్పటి నుంచి ఇదే వరస. నేను నడుస్తాను. తను కొడుతుంది.

ఏప్రిల్ 7

నాన్న ఆట ఎప్పుడని అడిగాడు. నాన్న గోడౌన్‌లో వాచ్‌మన్. మా ఆట చూడటానికి ఎన్నడూ రాలేదు. బంతి కోసం పరిగెత్తే పెద్దవాళ్లను చూడటానికి నేనెందుకు, పొద్దస్తమానం ఎలకల్ని చూస్తూనే ఉన్నానుగా అనేవాడు. గురువారం అన్నాను. అది ఇల్లు వదిలినా ఆట వదలదు, చూడు, వస్తుంది అన్నాడు. అమ్మ స్టవ్ దగ్గర నుంచి ఇటు తిరిగింది.

ఆ మాట ఇంట్లో ఉండిపోయింది. గురువారం అనే మాటను ముగ్గురం జాగ్రత్తగా పలుకుతున్నాం.

ఏప్రిల్ 9

ఏమీ లేదు. బూట్లు కడిగాను.

ఏప్రిల్ 10, గురువారం, పొద్దున

నాన్న సెలవు పెట్టాడు. గడ్డం గీసుకున్నాడు.

ఏప్రిల్ 11, పనికి వెళ్లేముందు

నిన్నటిది అంతా వరసగా రాస్తాను.

ఆట బస్ డిపో వాళ్లతో. గ్రౌండ్‌కి మేం తొమ్మిది మందిమి వచ్చాం. తొమ్మిది మందితో ఆడొచ్చు. పది మంది ఉంటే మంచిది. ప్రతి ఆటకీ ముందు బ్యాటింగ్ వరస ఒక కార్డు మీద రాసి అంపైర్‌కి ఇవ్వాలి. అందులో మా వాళ్లెవరూ సొంత పేర్లు రాయరు. పిలుపులే. డ్రైవర్, పొడుగు, చదువులమ్మ, అక్క, మేస్త్రీ, అలా పది వరకు. చదువులమ్మ నేనే. స్కూల్లో ఉండగానే కార్డు రాసే పని నాది. అక్క చెప్పేది, నేను రాసేదాన్ని.

నిన్న మేస్త్రీ గారు బూటు లేసు కట్టుకుంటూ, ఎప్పట్లాగే రాసేయ్ అమ్మాయ్ అన్నారు. నేను ఎప్పట్లాగే రాశాను. అంపైర్ సంతకం పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. సంతకం పడిందంటే ఇక అంతే.

నాన్న గేటుకి ఎదురుగా ఉన్న మెట్ల మీద కూర్చున్నాడు. అక్కణ్నుంచి పిచ్ సరిగ్గా కనిపించదు. గేటు కనిపిస్తుంది.

మొదటి ఇన్నింగ్స్‌లో డ్రైవరన్న కొట్టాడు, పొడుగు కొట్టాడు. నేను నిలబడ్డాను, నాలుగు చెత్త బంతులు పడ్డాయి, నడిచాను. ఫస్ట్ బేస్ మీద కాలు పెట్టి వెనక్కి తిరిగాను. మేస్త్రీ గారు బ్యాట్ తీసుకుని బయల్దేరుతున్నారు. అంపైర్ చెయ్యి అడ్డం పెట్టి, కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని, గట్టిగా అక్క అని పిలిచాడు.

ఆయన మళ్లీ అక్క అన్నాడు.

ఎవరక్కండీ అని డిపో వాళ్ల బెంచీ మీద నుంచి ఎవరో అన్నారు. అందరి అక్కే అన్నాడు పొడుగు, సెకండ్ బేస్ మీద నుంచి, మామూలుగానే. నాన్న గేటు వైపే చూస్తున్నాడు.

మేస్త్రీ గారు వెళ్లి అంపైర్‌తో మాట్లాడారు. ఆ అమ్మాయి పని మానేసిందండి, పొరపాటున పడింది, కొట్టేయండి అన్నారు. ఆట మొదలయ్యాక కొట్టివేతలు లేవు అన్నాడు అంపైర్. కార్డులో ఉండి మనిషి లేకపోతే ఆ వంతు వచ్చినప్పుడల్లా ఔట్. అంతే. డిపో వాళ్ల పిచర్, బొద్దు మెకానిక్, మంచివాడు. ఎవరో ఒకర్ని పంపమనండి సార్, ఖాళీ చోటుకి నేనేం వేస్తాను అన్నాడు. వేయక్కర్లేదు, బంతి పట్టుకుని నిలబడు అన్నాడు అంపైర్. అతను అలాగే నిలబడ్డాడు. అంపైర్ పిడికిలి ఎత్తాడు. ఔట్.

బెంచీకి వచ్చాక మేస్త్రీ గారు నా పక్కన కూర్చుని, మర్చిపోయి రాశావా, కావాలని రాశావా అని అడిగారు. తెలియదండి అన్నాను. నిజంగానే తెలియదు. చెయ్యి రాసింది. ఆయన బ్యాట్‌తో నేల మీద గీతలు గీశారు. డ్రైవరన్న మాత్రం ఊరుకోలేదు. చదువుకున్నోళ్లకి కార్డు ఇస్తే ఇదీ అన్నాడు. నువ్వు రాసి ఉంటే పది మందిమీ ముగ్గురమే అయ్యేవాళ్లం, ఆ అంకెలు కూడా తలకిందులుగా అని పొడుగు అన్నాడు. నవ్వారు. నేనూ పళ్లు కనపడేలా చేశాను.

ఆటలో మధ్యన కూడా ఆ వంతు వచ్చింది. అంపైర్ పిలిచాడు, ఆగాడు, పిడికిలి ఎత్తాడు. రెండోసారికి అందరికీ అలవాటైపోయింది. అలవాటు కావడమే నాకు వింతగా అనిపించింది.

ఆఖరి ఇన్నింగ్స్‌కి వాళ్లవి ఏడు రన్లు, మావి ఆరు. ఒకరు ఔట్. డ్రైవరన్న గట్టిగా కొట్టి సెకండ్ బేస్‌కి చేరాడు. పొడుగు ఔటయ్యాడు గానీ ఆ సందులో డ్రైవరన్న థర్డ్‌కి వచ్చాడు. ఇద్దరు ఔట్. మూడో ఔట్ పడితే ఆట అయిపోయినట్టే. నా వంతు. వేళ్ల మీద లెక్కపెట్టక్కర్లేదు, నా తర్వాత ఎవరో నాకు తెలుసు. ఊపితే బాగుండు, ఈ ఒక్కసారి నేనే ఊపితే అయిపోతుంది అనుకున్నాను. బొద్దు మెకానిక్ వేసిన నాలుగూ చెత్త బంతులే. బ్యాట్ ఊపలేదు. నడిచాను.

ఫస్ట్ బేస్ మీద నిలబడ్డాను. థర్డ్ మీద డ్రైవరన్న నడుం మీద చేతులు వేసుకుని నేలకేసి చూస్తున్నాడు. అంపైర్ కార్డు తీయలేదు. తీయకుండానే పిలిచాడు. అక్క.

నాన్న లేచి నిలబడ్డాడు.

గేటు దగ్గర టీ కొట్టువాడు గ్లాసులు కడుగుతున్నాడు. ఇంకెవరూ లేరు. అంపైర్ ఈసారి చాలాసేపు ఆగాడు. ఆయన కూడా గేటు వైపు చూశాడని నా అనుమానం. తర్వాత పిడికిలి ఎత్తాడు. ఆట అయిపోయింది. ఎవరూ కొట్టకుండా, ఎవరూ పట్టకుండా అయిపోయింది. డిపో వాళ్లు చప్పట్లు కొట్టలేదు. బొద్దు మెకానిక్ బంతి తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

నాన్న మెట్లు దిగి వచ్చి, మనం గెలిచామా అని అడిగాడు. ఒక్క రన్ను తేడాతో ఓడిపోయాం అన్నాను. ఒక్కటేగా అన్నాడు.

బస్ వస్తుంది. వెళ్లాలి.

ఏప్రిల్ 12

అమ్మ అడగలేదు. నాన్న ముఖం చూసి తెలుసుకుంది.

ఏప్రిల్ 14, సోమవారం

టీ టైంలో మేస్త్రీ గారు నన్ను స్టోర్ గదిలోకి పిలిచారు. తలుపు దగ్గరికి వేసి, మీ అక్క బాగానే ఉందమ్మాయ్ అన్నారు. పోర్టు దగ్గర ఊళ్లో ఒక పెద్ద హోటల్ లాండ్రీలో చేరిందట. అక్కడి స్టోర్ క్లర్కు ఫోన్ చేసి, మనిషి ఎలాంటిదని అడిగాడట. ఏమన్నారండి అని అడిగాను. మీరు అదృష్టవంతులు, మేం కాదు అన్నానన్నారు.

ఇక్కడి ఇస్త్రీ వదిలి అక్కడి ఇస్త్రీకి వెళ్లింది. అదే వేడి, అదే రోలర్. తేడా ఏమిటా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను. అక్కడ తను ఎవరి అక్కా కాదు. అదే అయి ఉంటుంది.

బాధ వేస్తుందేమోనని చూశాను. టీ చల్లారింది, అంతే.

మేస్త్రీ గారు ఇంకో మాట కూడా చెప్పారు. సీజన్ మొత్తానికి పది మంది జాబితా ఇరవై మూడున ఇచ్చేయాలి. ఆ పది పేర్లూ ప్రతి ఆట కార్డులోనూ ఉండాల్సిందే, ఆ తర్వాత మార్పులు ఒప్పుకోరు. అక్క స్థానంలో రోలర్ మీదకి వచ్చిన కొత్తమ్మాయి బాగా ఆడుతుందట. ఆ అమ్మాయి పేరు రాస్తే ఇక ఏడాదంతా అక్క లేనట్టే. అక్క పేరు ఉంచితే ప్రతి ఆటలోనూ ఆ ఔట్లు మోయాలి. టీమ్‌ని అడిగారట. పొడుగు ఉంచమన్నాడు. డ్రైవరన్న బండెడు తిట్టి, చివర్లో ఉంచండి, చస్తామా అన్నాడట. కానీ మీ అక్క మనసులో ఏముందో మనకేం తెలుసు, వద్దనుకుని పోయిన మనిషిని కార్డులో కట్టిపడేయడం ఏం న్యాయం, నువ్వే కనుక్కో అన్నారు మేస్త్రీ గారు. క్లర్కు నంబరు ఇచ్చారు.

ఏప్రిల్ 15

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది అనుకోను.

అమ్మ కూర్చుండిపోయింది. బతికే ఉందిగా అంది. అదే మాట మూడు నాలుగుసార్లు అంది. నాన్న మాత్రం వెంటనే పెన్ను తెమ్మన్నాడు. మీ అమ్మకి బాగాలేదు, మంచం దిగడం లేదు, వెంటనే బయల్దేరు అని రాయి అన్నాడు. అమ్మ ఎదురుగా కూర్చుని బ్రెడ్డు టీలో ముంచుకుని తింటోంది. తనను మంచాన పడేస్తుంటే కాదనలేదు. అలా రాస్తే వస్తుందా అని మాత్రం నన్ను అడిగింది.

వస్తుంది. అది నాకు తెలుసు. ఆ ఒక్క వాక్యం రాస్తే అక్క రేపు సాయంత్రానికల్లా ఇక్కడ ఉంటుంది. సంచి మంచం కిందికి వస్తుంది. మళ్లీ వెళ్లదు.

రాస్తానులే నాన్నా అన్నాను. బాగా కనబడేట్టు రాయి అన్నాడు. తను చదవలేడు, అక్కా చదవలేదు. ఏం రాసినా నాకూ ఆ క్లర్కుకీ తప్ప తెలియదు.

ఫోన్ చేయొచ్చు. లంచ్‌లో ఒకసారి చేశాను కూడా. అవతల మిషన్ల రొద. ఎవరు కావాలి అని అడిగారు. పెట్టేశాను. ఫోన్‌లో అయితే అక్క అప్పటికప్పుడు జవాబు చెప్పాలి. ఇన్నేళ్లూ అప్పటికప్పుడే చెప్పింది, అన్నిటికీ సరే అని.

ఏప్రిల్ 16, బుధవారం

కాగితం మీద రాసి, ఫోటో తీసి క్లర్కు నంబరుకి పంపినది ఇది. నా దగ్గర ఉండటానికి ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

దీన్ని మా అక్కకు చదివి వినిపించే వారికి నమస్కారం. దయచేసి మిషన్లు ఆగాక, నెమ్మదిగా చదవండి.

అక్కా, అమ్మ బాగుంది. నాన్న బాగున్నాడు. బాగాలేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నా జీతం ఇంటికి సరిపోతోంది. నువ్వు రావాలని ఇది రాయడం లేదు.

సాఫ్ట్‌బాల్ జాబితాలో నీ పేరు ఉంచాలా, తీసేయాలా అని మేస్త్రీ గారు అడగమన్నారు. ఉంచితే ఔట్లు పడతాయి. పడితే పడనీ అని మన వాళ్లు అన్నారు. తీసేయమంటే తీసేస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. ఉంచు, తీసెయ్, రెండిట్లో ఒక్క మాట చాలు. వేరే ఏమీ చెప్పక్కర్లేదు.

చదివిన వారు ఆ మాటను తను అన్నది అన్నట్టే రాసి, ఇరవై రెండో తేదీ మంగళవారం లోగా ఈ నంబరుకి పంపగలరు.